సమస్య: "కంచె చేను మేసెఁ గాపు మురిసె" (పూరణలు, విమర్శలు)

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. కంచె చేను మేస్తే కాపు నెత్తి బాదుకోవాలి గాని మురవడమేమిటి? విప్పాల్సిన ముడి అదే. వస్తువు కూడా నాదే: 1970ల మొదట్లో న్యూయార్క్ పోలీసుశాఖలో బయటపడ్డ లంచాల బాగోతం. క్రైం థ్రిల్లరులా పరుగెత్తించండి, గణాలు మాత్రం తప్పకండి.

తెలియనివారికి రెండు ముక్కలు. ఫ్రాంక్ సెర్పికో అనే మఫ్టీ పోలీసు మామూళ్ళు ముట్టనన్నాడు. పైవాళ్ళకు చెప్పి చెప్పి అలిసిపోయాడు. 1970 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీకెక్కాక గాని మేయర్ లిండ్సే కదల్లేదు. విట్‌మన్ నాప్ అధ్యక్షుడిగా విచారణ సంఘం పడింది. చేతికందింది పుచ్చుకునేవాడు గడ్డి మేసేవాడు, వెంటబడి గుంజేవాడు మాంసం మేసేవాడు అని ఆ సంఘం లంచగొండులను రెండు జాతులుగా విడదీసింది. "డబ్బుకు గడ్డి తింటాడు" అని మన అమ్మమ్మలు ఏ సంఘమూ వేయకుండానే అన్నారు.

బెజవాడ క్లర్కు:

నెలకు నెలకు వచ్చు నిర్ణీత మామూళ్ళు
పంచుకొనిరి బంట్లు పద్దు రాసి
పైని దొరకు వాటపై సగం బబ్బగా
కంచె చేను మేసెఁ గాపు మురిసె

జూదపు అడ్డాల నుంచి కట్టుదిట్టంగా వచ్చే వసూలును అక్కడి మఫ్టీవాళ్ళు "ప్యాడ్" అనేవారట. చెవికి దగ్గరగా ఉందని పద్దు అన్నాను. తలకు వాటా మన్‌హాటన్ నడిబొడ్డున నెలకు 300, 400 డాలర్లు, హార్లెంలో 1,500. పై అధికారికి ఒకటిన్నర వాటా. కొత్తగా వచ్చినవాడికి ఓ రెండు నెలలు ఏమీ ఇవ్వరు, నమ్మదగినవాడో కాదో చూడాలిగా. అతను ఆ విభాగం వదిలి వెళ్ళేటప్పుడు ఆ రెండు నెలలదీ లెక్కగట్టి చేతిలో పెడతారు. మా ఆఫీసు పీఎఫ్ కంటే నయం.

మాస్టారు: పద్దు భేషుగ్గా ఉంది నాయనా. కానీ "అబ్బగా" ద్రుతాంతం, అంటే చివర "న్" దాగి ఉన్న మాట. తర్వాత "గంచె" అవుతుంది, సమస్య చెడుతుంది. వాటాను "వాట" చేయడం కూడా బలవంతమే. ఇంకో మాట: దొరను కాపును చేశావు. మరి చేనెవరిది? దొరదా?

బెజవాడ క్లర్కు: మూడో పాదం ఇలా మార్చాను మాస్టారూ: "పైని దొరకు వాటపై సగం బేర్పడి". చేను ఎవరిదంటారా, దొర తనదే అనుకున్నాడు. కథంతా అక్కడే ఉంది.

నెల్లూరు తాత:

కాపలాకు నిలుప ఖాకి యేమొనరించె
జూదగాండ్రతోడఁ జుట్టమౌచు?
తొలకరించు వేళ దుక్కిలో నెవఁడేమి?
కంచె చేను మేసెఁ గాపు మురిసె

మాస్టారు: తాతగారూ, ప్రశ్నలు వేసి సమస్య పాదంలోని ముక్కలనే వరసగా జవాబులు చేసే క్రమాలంకారం దొడ్డిదారి అని మీరే మాకు నేర్పారు. "ఎవఁడేమి" తర్వాత క్రియను పై పాదం నుంచి అరువు తెచ్చుకోవాలి. పైగా న్యూయార్క్ దుక్కిలో తొలకరి ఏమిటండీ!

నెల్లూరు తాత: ఎనభై దాటాక దొడ్డిదారే దగ్గర అబ్బాయ్.

జెర్సీ కోడలు:

మేయనన్న ముల్లు మీదికి గుండొచ్చె
తోటి ముళ్ళు చూచి తొలఁగి నిలిచె
ప్రాణముండి పిదపఁ బలికె సాక్షిగ వచ్చి
"కంచె చేను మేసె", కాపు మురిసె

నాలుగో పాదంలో మొదటి సగం సెర్పికో సాక్ష్యం, మిగతాది నా మాట. 1971 ఫిబ్రవరి 3, బ్రూక్లిన్‌లో మాదకద్రవ్యాల దాడి. స్పానిష్ వచ్చినవాడని తలుపు తట్టే పని ఇతనికిచ్చారు. తలుపు ఓరగా తెరుచుకుంది. ఇతను భుజం, తల లోపలికి దూర్చాడు, లోపలివాడు తలుపు నొక్కిపట్టాడు. వెనకున్న సాటివాళ్ళను పిలిస్తే రాలేదు. గుండు ముఖంలో దిగింది. పోలీసు ఆపదలో ఉన్నాడని చెప్పడానికి వాళ్ళకు రేడియోలో "10-13" అనే పిలుపుంది. అది కూడా వాళ్ళు ఇవ్వలేదంటాడు సెర్పికో. పక్కవాటాలో ఉన్న ఓ ముసలాయన ఫోన్ చేసి, కారు వచ్చేదాకా పక్కనే కూర్చున్నాడు. కావాలనే వదిలేశారన్నది కోర్టులో రుజువైన సంగతి కాదు. అదే ఏడాది డిసెంబరులో, ఒక చెవి వినపడకుండా పోయాక, వచ్చి సంఘం ముందు కూర్చున్నాడు.

మాస్టారు: అమ్మాయ్, "గుండొచ్చె" వాడుక మాట. "గుండేగె" అంటే గ్రాంథికం అవుతుంది గాని తుపాకీ తుస్సుమంటుంది. ఉండనీ. "తొలఁగి నిలిచె" దగ్గర మాత్రం కాసేపు ఆగిపోయాను. తొలగినవాడు వెళ్ళిపోవాలి, వీళ్ళు తొలగి అక్కడే నిలబడ్డారు. లంచం ఆ నిలబడటం ముందు చిల్లర. కాపు ఎందుకు మురిశాడో మాత్రం నాకందలేదు.

జెర్సీ కోడలు: మొత్తం మేసిందనుకున్న కంచెలో ఒక ముల్లు మేయలేదని తెలిసింది కదండీ మాస్టారుగారూ.

నిర్వాహకుడు: ఇక్కడ నేను అడ్డుపడతాను. సెర్పికో, అతని మిత్రుడు డేవిడ్ డర్క్ అంతకుముందే మేయర్ కార్యాలయం దాకా వెళ్ళారు. పని జరగలేదు. ఆ కాపు, అంటే మేయరు, అప్పుడు చెవుల్లో దూది పెట్టుకున్నాడు. తర్వాత మురిస్తే నేను నమ్మను. పద్యం మాత్రం నిలుస్తుంది.

కోర్టు గుమస్తా (రిటైర్డు):

గదిని సంచులుండెఁ గదలక లెక్కకు
సరకు పోయి పిండి చల్లఁగాను
చేరె, సంచి బరువు చేఁ దూచి నిలఁబెట్టి
కంచె చేను మేసెఁ గాపు మురిసె

1962లో ఫ్రెంచి ముఠా దగ్గర పట్టుకున్న హెరాయిన్ పోలీసుల సొత్తు గదిలోనే ఉండేది. 1972 డిసెంబరులో చూస్తే సంచులున్నాయి, సరకు లేదు, పిండి ఉంది. పట్టిచ్చింది ఏ పోలీసూ కాదు, సంచుల్లో చేరిన పిండిపురుగులు. హెరాయిన్‌కు పురుగు పట్టదు గదా! నేను పనిచేసిన ఓ కోర్టులోనూ సారా సీసాల మూట విప్పారోసారి. లక్క చెక్కుచెదరలేదు, మీద సంతకాలు భద్రం, మూత తీస్తే నీళ్ళ వాసన కూడా లేదు. పెద్దగుమస్తా నా వంక చూశాడు, నేను సీలింగు ఫ్యాను వంక చూశాను.

మాస్టారు: ద్రుతం గొడవ లేదు, యతులు కుదిరాయి, కాపు మురవడానికి కారణం చేతిలోనే బరువుగా ఉంది. నా ఓటు దీనికే. "గదిని" బదులు ఇంకేదైనా దొరుకుతుందేమో చూడండి.

జెర్సీ కోడలు: బాబాయ్‌గారూ, పిండిపురుగు పద్యంలో లేదేం?

కోర్టు గుమస్తా: అది ఐదో పాదంలోకి వచ్చిందమ్మా. ఆటవెలదికి నాలుగే కదా.