వెరిఫికేషన్ పూర్తికాకుండా మనిషిని ఊరు మార్పించవచ్చా?

కొండాపూర్ కిరాయిదారు:
హైదరాబాద్‌లో మా ఆఫీసులో ఈమధ్య విశాఖ నుంచి ఒకబ్బాయి చేరాడు. అక్కడి ఉద్యోగం మానేసి, ఇల్లు ఖాళీ చేసి, భార్యాబిడ్డలతో దిగాడు. మొదటిరోజు బొకే, టీషర్టు, టీమంతటికీ బిర్యానీ. నెల దాటాక హెచ్‌ఆర్ పిలిచి, పాత అనుభవం వెరిఫై కాలేదు, ల్యాప్‌టాప్ అప్పగించమన్నారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, అంటే చదువూ పాత ఉద్యోగాలూ నిజమో కాదో చూసే తనిఖీ, ముగిసేదాకా ఎవర్నీ ఊరు కదిలించకూడదంటాను నేను. మీరేమంటారు?

రిక్రూటర్ అక్క:
చెప్పడం తేలికే. రాజీనామా పెట్టకముందే పాత కంపెనీకి మేం మెయిల్ పంపితే ఉన్న ఉద్యోగానికే ఎసరు. పని నుంచి విడుదల చేశామని పాత కంపెనీ ఇచ్చే రిలీవింగ్ లెటరేమో చివరిరోజు దాకా రాదు. అది వచ్చి, వాళ్ళు ధ్రువీకరించేదాకా ఆగితే ప్రాజెక్టు ఆగదు కదా. ఇక దొంగ ఎక్స్‌పీరియెన్స్ గురించి అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు చేసిన ఎవర్నడిగినా చెబుతారు. చెక్ చేయకుండా ఎలా వదిలేస్తాం?

కొండాపూర్ కిరాయిదారు:
వదిలేయమని ఎవరన్నారక్కా? చివరి కంపెనీ ఒక్కటి తర్వాత చూసుకోండి. డిగ్రీ, అంతకుముందు చేసిన కంపెనీలు, చిరునామా, వీటికేం అడ్డం? చాలాచోట్ల నోటీస్ పీరియడ్ 90 రోజులు. అన్ని రోజులూ ఫైలు కదలదు. జాయినయ్యాకే వెరిఫికేషన్ చేసే ఏజెన్సీకి పంపుతారు, ఎందుకంటే ఆఫర్ తీసుకుని రానివాళ్ళ మీద ఏజెన్సీ ఫీజు దండగ. అంటే కంపెనీ ఆ కాస్త మిగుల్చుకోవడానికి, ఒక కుటుంబం అడ్వాన్సూ లారీ ఖర్చూ పణంగా పెట్టాలన్నమాట.

సీనియర్ డెవలపర్:
అబద్ధం చెప్పినవాడి మీద అంత జాలెందుకో.

కొండాపూర్ కిరాయిదారు:
అబద్ధం కాదు గురూ. మొదట చేసిన చిన్న కంపెనీ మూతపడింది. ఫోనెత్తేవాళ్ళు లేరు. పీఎఫ్‌లోనూ ఆ పేరు లేదు.

లెక్కల మాస్టారు:
ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. యూఏఎన్, అంటే ఉద్యోగి పీఎఫ్ నంబరు, దాని సర్వీస్ హిస్టరీలో ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో ఉంటుంది. రెండు ఉద్యోగాలు ఒకేసారి చేస్తే దొరికిపోయేది కూడా దాంతోనే. మంచి ఆధారమే, కాదనను. కానీ 20 మంది ఉద్యోగులు లేని సంస్థకు మామూలుగా పీఎఫ్ తప్పనిసరి కాదు. అందులో పేరు లేనంత మాత్రాన దొంగ అనుభవమంటే ఎలా? జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్ అడగొచ్చు. జీతంలోంచి టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి ఉంటే, ఆ పన్ను లెక్క చూపే 26ఏఎస్‌లో కంపెనీ పేరు కనబడుతుంది. జీతం పన్ను పరిధిలోకే రాకపోతే అదీ ఉండదు, అప్పుడు స్టేట్‌మెంటే దిక్కు. కంపెనీ మూతపడితే ఆ తప్పు ఉద్యోగి మీదకెలా తోస్తారు?

నల్లగండ్ల అమ్మాయి:
పుణె నుంచి వచ్చినప్పుడు నన్ను ఆఫీసు కంటే ఇంటి ఓనర్లే ఎక్కువ స్క్రీనింగ్ చేశారు! ఆధార్, ఆఫర్ లెటర్, ఐడీ కార్డు, పెళ్ళయిందా, నాన్‌వెజ్ వండుతారా... మా కంపెనీ బొకే అయితే ఇవ్వలేదు గానీ, ఇల్లు దొరికేదాకా గెస్ట్‌హౌస్ ఇచ్చింది, ఇళ్ళు చూసుకోవడానికి రెండ్రోజులు సెలవిచ్చింది. నాకది చాలా సాయమైంది. పిల్లలున్నవాళ్ళకి ఇంకా కష్టం. బడులు జూన్‌లో మొదలవుతాయి, మధ్యలో వస్తే సీటే దొరకదు. అన్నట్టు, ఆ విశాఖ ఆయన్ని రీలొకేషన్ డబ్బు, అదే ఊరు మారడానికి కంపెనీ ఇచ్చింది, తిరిగి కట్టమన్నారా?

కొండాపూర్ కిరాయిదారు:
అన్నారు. ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలని ఆఫర్ లెటర్‌లో ఉందట. మానేసింది ఆయన కాదు, తీసేసింది వాళ్ళు.

లెక్కల మాస్టారు:
ఆ క్లాజులో "ఏ కారణం చేతనైనా" అని ఉందేమో చూడమనండి. రాజీనామా అని మాత్రమే ఉంటే గట్టిగా అడగొచ్చు.

రిక్రూటర్ అక్క:
పాత కంపెనీల చెక్ నోటీస్ పీరియడ్‌లోనే మొదలుపెట్టాలన్నది ఒప్పుకుంటాను. బయటి ఊళ్ళవాళ్ళకైనా అలా చేయొచ్చు. అన్నీ ముగిసేదాకా జాయినింగ్ ఆపాలంటే మాత్రం కుదరదు. మూడు ఆఫర్లు చేతిలో పెట్టుకుని ఆఖరిరోజు ఫోన్ ఎత్తనివాళ్ళ గురించి కూడా ఒక థ్రెడ్ పెట్టండి తమ్ముడూ.

నల్లగండ్ల అమ్మాయి:
ఇంతకీ ఆయన ఇప్పుడేం చేస్తున్నారు?

కొండాపూర్ కిరాయిదారు:
బ్యాంక్ స్టేట్‌మెంట్లు జతచేసి మళ్ళీ చూడమని మెయిల్ పెట్టాడు. ఇంకా జవాబు లేదు. ఇక్కడి ఇల్లు మాత్రం ఖాళీ చేయలేదు. జావా పోస్టులేవైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి.