శ్రీలంకను ముంచింది దిగుమతి చమురా, దాన్ని అమ్మిన ధరా?

అమలాపురం మాస్టారు:
2022 మార్చి చివర శ్రీలంకలో రోజుకు 13 గంటల కరెంటు కోత. జూన్ 27 నుంచి అత్యవసర సేవలకు తప్ప ఎవరికీ పెట్రోలు పోయలేదు. 2.2 కోట్ల మంది ఓడ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశారు. ఆ దేశంలో చమురు ఉత్పత్తి లేదు. మన్నార్ సముద్రంలో 2011లో గ్యాస్ బయటపడినా వెలికితీయలేదు. చిన్న దేశం పరాయి ఇంధనం మీద బతకడం ఆత్మహత్యతో సమానమని నా వాదన. ముందు సొంత గ్యాస్ తవ్వుకోవాలి. మీరేమంటారు?

రాజోలు వాసి:
గోదావరి డెల్టాలో ఉంటూ సొంత గ్యాస్ మీద అంత భరోసా ఎలా పెట్టుకున్నారు మాస్టారూ? కేజీ బేసిన్‌లో డీ6 అనే సముద్ర క్షేత్రంలో గ్యాస్ ఉత్పత్తి 2009 ఏప్రిల్‌లో మొదలై, 2010లో రోజుకు దాదాపు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరింది. 8 కోట్లు వస్తుందని అంచనా వేశారు. కొన్నేళ్లకే అది కుప్పకూలింది. ఆ గ్యాస్‌ను నమ్ముకుని సామర్లకోటలో తలపెట్టిన 2,400 మెగావాట్ల కేంద్రం నడవనే లేదు, అందులోని కొన్ని యంత్రాలు బంగ్లాదేశ్‌కు తరలిపోయాయి.
1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఇళ్లలో నిద్రపోతున్నవాళ్లు కాలిపోయారు. తవ్వండి అనే ముందు ఆ ఊళ్లవాళ్లను ఒక్క మాట అడగండి.

అమలాపురం మాస్టారు:
ఆ ప్రమాదాలు నిర్లక్ష్యం వల్ల జరిగాయి, గ్యాస్ వల్ల కాదు. 2024 జనవరిలో మన తీరానికి దూరంగా లోతు సముద్రంలో కొత్తగా చమురు తీయడం మొదలుపెట్టారు కదా. రూపాయల్లో దొరికేదాన్ని వదిలి డాలర్ల వెంట ఎందుకు పడాలి?

కాకినాడ తీరం:
మన బావుల గ్యాస్‌కు కూడా ప్రభుత్వం డాలర్లలోనే ధర ప్రకటిస్తుంది మాస్టారూ.
ఇంధనం బయటినుంచి రావడమే ముప్పు అయితే సింగపూర్ ఎప్పుడో చీకటైపోవాలి. అక్కడి కరెంటులో సుమారు 95 శాతం గ్యాస్‌తో తయారవుతుంది, ఆ గ్యాస్ అంతా దిగుమతే. పొరుగు దేశాల పైపులైన్లకే కట్టుబడకూడదని 2013లో ద్రవ గ్యాస్ టెర్మినల్ తెరిచి, ఓడల మీద దూరదేశాల నుంచి కూడా తెచ్చుకునే వీలు చేసుకుంది.
శ్రీలంక ఏం చేసింది? అంతర్జాతీయ ధరను బట్టి పెట్రోలు ధర మారే విధానం 2018లో తెచ్చింది. మరుసటి ఏడాది ప్రభుత్వం మారాక దాన్ని పక్కన పెట్టేశారు. ప్రభుత్వ చమురు సంస్థ నష్టానికి అమ్ముతూ, ఆ లోటును ప్రభుత్వ బ్యాంకుల అప్పుతో పూడ్చింది. 2019 ఈస్టర్ పేలుళ్లు, ఆపై కరోనా పర్యాటకుల రాబడిని తుడిచిపెట్టాయి. 2022 మార్చిలో పీపా చమురు 120 డాలర్లు దాటేసరికి ఖజానాలో డాలర్లు లేవు. ఏప్రిల్ 12న విదేశీ అప్పులు కట్టలేమని ప్రకటించింది. చమురు ఓడలు తీరానికి వచ్చి కూడా డబ్బు అందేదాకా సరుకు దించలేదు. అంటే కరువు వచ్చింది చమురుకు కాదు, డాలర్లకు. లంక తూర్పు తీరంలోని ట్రింకోమలీ రేవులో బ్రిటిష్ కాలం నాటి 99 పెద్ద చమురు ట్యాంకులున్నాయి. చాలావాటిని దశాబ్దాలుగా వాడనే లేదు. కళ్లెదుట అంత చోటున్నా కష్టకాలానికి నిల్వ పెట్టుకోకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

భీమవరం రొయ్యల రైతు:
ధర పెంచమనడం తేలిక. మా చెరువుల్లో రాత్రిపూట నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే నీటిలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేలోపు పంట పోతుంది. కరెంటు పోతే డీజిల్ జనరేటరే దిక్కు. డీజిల్ ఎంత ఖరీదైనా ఎలాగో పోస్తాం, అసలు దొరకకపోతే రొయ్యను బతికించలేం. 2022లో లంక జాలర్లు కిరోసిన్, డీజిల్ లేక పడవలు ఒడ్డున వదిలేశారు. ఆ బాధ నాకు బాగా అర్థమవుతుంది.
అయితే లంకలో దాదాపు తొమ్మిదేళ్లు కరెంటు చార్జీలు పెంచకుండా, 2022 ఆగస్టులో ఒక్కసారే 75 శాతం పెంచడం దుర్మార్గం. ఏటా కొంత పెంచుకుంటూ పోతే జనం సర్దుకునేవారు. పేదవాడికి రాయితీ నేరుగా అతని ఖాతాలో వేయాలి. దాని పేరు చెప్పి కార్లున్నవాళ్లకు కూడా చౌకగా పెట్రోలు పోయడం ఎందుకు?

అమలాపురం మాస్టారు:
ధర సరిచేసినా ఓడ మీద ఆధారపడటం తప్పదు. లంకలో నురైచోలై దగ్గరున్న 900 మెగావాట్ల విద్యుత్ కేంద్రానికి బొగ్గు కూడా విదేశాలదే. గ్యాస్ వద్దంటే ఎండ, గాలి ఉన్నాయి. 2030కల్లా 70 శాతం కరెంటు వాటి నుంచి, నీటి నుంచి తీసుకోవాలని లక్ష్యం పెట్టుకున్నారు.

కాకినాడ తీరం:
ఆ లక్ష్యం నాకూ ఇష్టమే. కాని 2025 ఫిబ్రవరి 9న ఒక సబ్‌స్టేషన్‌లో లోపం వస్తే దేశమంతటా కరెంటు పోయింది. కోతి వల్ల అని మంత్రి చెప్పారు. అసలు చిక్కు ఏమిటంటే, ఆదివారం పగలు వాడకం తక్కువ, సోలార్ వాటా ఎక్కువ, కుదుపును తట్టుకునే పెద్ద టర్బైన్లు తిరిగేవి తక్కువ. అదే ఏడాది ఏప్రిల్‌లో సింహళ, తమిళ కొత్త సంవత్సరం సెలవుల్లో మేడల మీది సోలార్‌ను పగటిపూట ఆపమని విద్యుత్ బోర్డే అడిగింది. బ్యాటరీలు పెట్టాలి, భారత్‌తో గ్రిడ్ కలపాలి. ఆ అనుసంధానానికి 2025 ఏప్రిల్‌లో అవగాహన ఒప్పందం కుదిరింది.

రాజోలు వాసి:
ఆ లైను మీద వచ్చేది కూడా దిగుమతే, అదీ ఒకే పొరుగు దేశం నుంచి. మన్నార్ గాలి కరెంటును మనం కొంటామని ఒప్పందంలో రాసి, రెండువైపులా అమ్మకం సాగేలా వేస్తే మద్దతిస్తాను. కరెంటు ఇటునుంచి అటు మాత్రమే పోయే లైను అయితే లంకవాళ్లు ఒప్పుకోకూడదు.