స్పోర్ కంప్యూటర్ గేమ్‌లో మనం చేసిన జీవి ఆకారానికి విలువే లేదా?

నీలిమబ్బు:
ఆరు కాళ్లు పెట్టినా రెండే పెట్టినా పరుగులో తేడా రావట్లేదు. నోళ్లు మూడు పెట్టినా కాటు బలం పెరగట్లేదు. ట్రైబల్ స్టేజ్‌కి (తెగల దశకి) వచ్చాక అసలు శరీరమే మార్చనివ్వట్లేదు. జీవిని తయారుచేసుకోడానికి ఇంత గొప్ప ఎడిటర్ ఇచ్చి దాన్ని ఆటకి కలపకపోవడం ఏంటి? నేనేమైనా సరిగా వాడట్లేదా? స్పేస్ స్టేజ్‌లో సాయం చేయమంటూ ఊపిరాడనివ్వకుండా వచ్చే పిలుపులకి విరుగుడు ఉంటే అదీ చెప్పండి.

తోకచుక్క:
మీరు వాడటంలో లోపం లేదండీ, ఆట కట్టిన తీరే అంత. క్రీచర్ స్టేజ్‌లో (జంతువు దశలో) ప్రతి భాగానికీ ఒక అంకె అతికించి ఉంటుంది. కాటు, దెబ్బ, పాట, నాట్యం లాంటి ప్రతి సామర్థ్యానికీ గరిష్ఠం 5. ఒకే సామర్థ్యం ఉన్న భాగాలు ఎన్ని పెట్టినా కూడిక జరగదు, వాటిలో పెద్ద అంకె ఒక్కటే లెక్కలోకి వస్తుంది. అందుకే లెవెల్ 5 పాదం ఒక జత చాలు, మిగతా కాళ్లు చూడ్డానికే. మూతి వీపు మీద పెట్టినా కాటు అదే.

బాధేంటంటే, ఇది చేతకాక వదిలేసింది కాదు. దానికి ముందుండే సెల్ స్టేజ్ (కణం దశ) చూడండి: ముల్లు వెనక పెడితే వెనక నుంచి వచ్చినవాడికే గుచ్చుకుంటుంది, దవడ ముందుంటే ముందున్నదాన్నే కొరుకుతుంది. ఎక్కడ పెట్టామన్నదే అక్కడ ఆట. ఆ సూత్రాన్ని తర్వాతి స్టేజ్‌కి తీసుకెళ్లి ఉంటే స్పోర్ స్థాయే వేరు. ట్రైబల్‌లో బట్టలకి, సివిలైజేషన్‌లో వాహనాలకి మళ్లీ అవే అంకెలు. 2005లో గేమ్ డెవలపర్ల సదస్సు జీడీసీలో ఆట రూపకర్త విల్ రైట్ చూపించిన డెమోలో నీళ్లలో బతికే దశ కూడా ఉంది. 2008లో వచ్చిన ఆటలో లోతు నీళ్లలోకి దిగితే పెద్ద జంతువొకటి వచ్చి మింగేస్తుంది, అంతే.

కొండగాలి:
ఒక్క మాట ఒప్పుకోను. ఎడిటర్ అలంకారమే అనడం అన్యాయం. ఎన్ని కాళ్లు ఎక్కడ పెట్టినా జీవి నడక అప్పటికప్పుడు లెక్కగట్టి పుట్టించడం మామూలు పని కాదు, 2008లో మరీనూ. జీవి మొత్తం చిన్న పీఎన్‌జీ బొమ్మలోనే దాగి ఉంటుంది. బొమ్మని లాగి ఆట కిటికీలో వదిలితే జీవి వచ్చేస్తుంది, ఎందుకంటే అందులో ఉన్నది రూపం కాదు, ఏ భాగం ఎక్కడ, ఎంత సైజు అన్న చిట్టా. ఇంత పునాది వేసి పైన గోడలు లేపలేదన్నదే నాకూ కోపం.

స్పేస్ సంగతికొస్తే, సామ్రాజ్యం ఎంత పెరిగినా దాన్ని కాపాడటానికి తిరగాల్సిన ఓడ మనదొక్కటే. విసుగు మూలం అదే. కాలనీలు తక్కువ పెట్టండి, పెట్టినవి బలంగా పెట్టండి. ప్రతి గ్రహాన్నీ టీ3కి (నివాసయోగ్యతలో పై స్థాయికి) తెచ్చి, దాని జీవుల పట్టికలో అడ్డువరసలు నింపండి: ఒక్కో వరసకి చిన్న, మధ్య, పెద్ద మొక్కలు ఒక్కొక్కటి, శాకాహారులు రెండు, మాంసాహారి గానీ సర్వభక్షి గానీ ఒకటి. మూడు వరసలకి మొత్తం 9 మొక్కజాతులు, 9 జంతుజాతులు. మొక్కలు వేయకుండా జంతువుల్ని దింపితే నిలవవు, ఆ క్రమం తప్పొద్దు. డబ్బు చేరాక యూబర్ టరెట్, బయో ప్రొటెక్టర్ అనే రక్షణ పరికరాలు కొని పెట్టేస్తే దాడులు, జబ్బు జంతువుల వేట రెండూ తగ్గుతాయి. పొరుగు సామ్రాజ్యాలతో ముందే స్నేహం చేసుకోండి. గ్రాక్స్ అనే శత్రుజాతితో మాత్రం పొత్తు పెట్టుకోవద్దు, మిగతా అందరూ ఎదురు తిరుగుతారు.

నీలిమబ్బు:
కాలనీలు ఎడాపెడా పెట్టేశాను, అక్కడే దెబ్బతిన్నట్టుంది. మోడ్స్‌తో (ఆటగాళ్లు చేసిన మార్పులతో) అంకెల గోల తీరుతుందా?

తోకచుక్క:
పూర్తిగా తీరదు. డార్క్ ఇంజెక్షన్ లాంటి మోడ్ కొత్త భాగాలు తెస్తుంది, ఎడిటర్‌కి ఊపిరి పోస్తుంది, కానీ ఆకారం నుంచి బలం పుట్టించదు. చాలా మోడ్స్‌కి 2009 నాటి అదనపు ప్యాక్ గెలాక్టిక్ అడ్వెంచర్స్ కూడా ఉండాలి. పెట్టేముందు యాప్‌డేటా, రోమింగ్ లోపల ఉన్న స్పోర్ ఫోల్డర్ మొత్తం వేరే చోటికి కాపీ చేయండి. సేవ్‌లన్నీ ఒకే గెలాక్సీని పంచుకుంటాయి, కాబట్టి ఒక్క సేవ్ విడదీసి దాచుకుంటే పనికిరాదు. జీవుల పీఎన్‌జీలు డాక్యుమెంట్స్‌లో మై స్పోర్ క్రియేషన్స్ కింద విడిగా ఉంటాయి, వాటినీ తీసి పెట్టుకోండి.