తూటాలో వంకర ఎక్కడ మొదలవుతోందో ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న:
.308 రైఫిల్‌కి సొంతంగా రీలోడ్ చేసుకోవడం (కాల్చిన ఖాళీ కేస్‌లో మళ్ళీ మందు, బుల్లెట్ పెట్టి తూటా చేయడం) మొదలుపెట్టి ఏడాది అవుతోంది. ఈమధ్య డయల్ ఇండికేటర్ (సన్నటి తేడాలని ముల్లుతో చూపే పరికరం) కొని, పూర్తయిన తూటాలను వీ-బ్లాక్ (V ఆకారపు దిమ్మ) మీద దొర్లించి చూస్తే బుల్లెట్ (తూటా ముందుండే, ఎగిరే మొన) దగ్గర ముల్లు 5 నుంచి 7 థౌ దాకా ఆడుతోంది (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). కొన్ని మాత్రం 2 థౌ లోపే ఉన్నాయి. అన్నీ ఒకే బ్రాస్ (ఇత్తడి కేసులు), ఒకే డైలతో (ప్రెస్‌లో బిగించే అచ్చులు) ఒకే రోజు చేసినవి. బుల్లెట్‌ని కూర్చోబెట్టే సీటింగ్ డై మార్చేయాలా? వంగిన తూటాని నొక్కి సరిచేసే పనిముట్లు కూడా ఉన్నాయట, కొనొచ్చా?

జవాబు 1:
ఇప్పుడే ఏదీ కొనకండి. తయారైన తూటాని మాత్రమే కొలిస్తే వంకర ఉందని తెలుస్తుంది గానీ ఎవరు చేశారో తెలీదు. కాల్చిన కేస్‌ని ముందు ఏమీ చేయకుండా నెక్ (బుల్లెట్‌ని పట్టే సన్నటి మూతి) మీద కొలవండి, ఛాంబర్‌లో (రైఫిల్‌లో తూటా కూర్చునే గది) సాగి వచ్చింది కాబట్టి మామూలుగా చాలా నిటారుగానే ఉంటుంది. తర్వాత సైజింగ్ (సాగిన కేస్‌ని డైలో నొక్కి పాత కొలతకి తేవడం) చేసి మళ్ళీ కొలవండి, బుల్లెట్ కూర్చోబెట్టాక మళ్ళీ. ఎక్కడ అంకె ఒక్కసారిగా పెరిగితే అక్కడే తప్పు. నా అనుభవంలో ఎక్కువసార్లు దొంగ ఎక్స్‌పాండర్ బాలే (సైజింగ్ డై లోపల ఉండి నెక్‌ని తెరిచే గుండు), డై నుంచి కేస్ బయటికి వచ్చేటప్పుడు నెక్‌ని పక్కకి లాగేస్తుంది.

జవాబు 2:
కొలిచే పద్ధతి కూడా చూసుకోండి. రిమ్ (కేస్ అడుగు అంచు) మీద ఆనించకండి, ఎక్స్‌ట్రాక్టర్ (రైఫిల్‌లో కేస్‌ని బయటికి లాగే కొక్కెం) గీతలు, గుంటలు అక్కడే ఉంటాయి. బాడీ మీద రెండు చోట్ల, ఒకటి అడుగు దగ్గర, ఒకటి షోల్డర్ (నెక్ కింద కేస్ వెడల్పయ్యే వాలు) కింద ఆనాలి. బుల్లెట్‌ని కొలిచేటప్పుడు ముల్లు ప్రతిసారీ ఒకే దూరంలో ఉండాలి, ఎందుకంటే కొన వైపు వెళ్ళేకొద్దీ అదే వంకర పెద్దగా కనిపిస్తుంది. ఇంకోటి, ముల్లు మొత్తం ఆడింది 6 థౌ అయితే బుల్లెట్ నడిమధ్య నుంచి తప్పింది 3 థౌనే. నెక్ గోడ ఒకపక్క మందంగా ఉన్నా బయట కొలతకి తెలియకపోవచ్చు, దానికి బాల్ మైక్రోమీటర్ (గోడ మందం కొలిచే పరికరం) కావాలి.

జవాబు 3:
నొక్కి సరిచేయడం నాకు నచ్చదు. బుల్లెట్ నిటారు అయినట్టు కనిపిస్తుంది కానీ నెక్ పట్టు ఒకపక్క సడలుతుంది, మళ్ళీ పట్టు ఎలా ఉందో కొలిచే దారి మీకు లేదు. తప్పు పుట్టే చోటే ఆపండి. అలాగని 3 థౌ ఉందని టెన్షన్ పడొద్దు. తక్కువ వంకరవి ఒక గ్రూప్, ఎక్కువ వంకరవి ఒక గ్రూప్ వేరు చేసి మీ రైఫిల్‌తోనే కాల్చి చూడండి, తేడా ఉంటే టార్గెట్టే చెబుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చేసి చూశాను. కాల్చిన కేసులు 1 థౌ. ప్రైమర్లు (కేస్ అడుగున మందుని అంటించే చిన్న బిళ్ళలు) విడిగా తీసేసి, బాల్ లేకుండా సైజ్ చేసిన ఐదు కేసులు కూడా 1 థౌ దగ్గరే. బాల్‌తో చేసినవి 4, 5! అయితే బాల్ లేకపోతే నెక్ మరీ బిగుతుగా ఉంది, బుల్లెట్ గీసుకుపోతోంది.

జవాబు 1:
దొరికింది కదండీ. నెక్ లోపల కొంచెం లూబ్ రాసి బాల్‌తోనే ఇంకో ఐదు చేయండి, చాలామందికి దానితోనే తగ్గుతుంది. తగ్గకపోతే బాల్ తీసేసి, విడిగా మాండ్రెల్‌తో (నునుపైన కడ్డీ) నెక్ తెరవండి, అది లాగదు, లోపలికి తోస్తుంది. పౌడర్ పోసేముందు ఆ లూబ్ పూర్తిగా తుడవడం మర్చిపోకండి.