అప్‌డేట్: పాపని కాంపిటీటివ్ సాకర్ టీమ్‌కి మార్చాం

పదేళ్ల మా పాపని సరదా లీగ్‌లోనే ఉంచాలా, సెలెక్షన్ ఉండే కాంపిటీటివ్ టీమ్‌కి మార్చాలా అని అడిగాను కదా. మార్చాం, మూడు నెలలైంది.

వారానికి 3 ప్రాక్టీసులు. జట్టుకి 7 మంది ఆడే ఆట నుంచి 9 మంది ఆడే ఆటకి వచ్చేసరికి మైదానం కూడా పెద్దదైంది. పాత లీగ్‌లో అందరికీ కనీసం సగం ఆట దక్కేది. ఇక్కడ మొదటి మ్యాచ్‌లో 10 నిమిషాలే. ఇంటికొచ్చేదాకా, కాళ్లకి దెబ్బ తగలకుండా కట్టుకునే షిన్‌గార్డ్స్ కూడా విప్పకుండా కారు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నా కడుపు తరుక్కుపోయింది.

మీలో ఒకరు చెప్పినట్టు, ఏం మెరుగుపరుచుకోవాలో కోచ్‌ని తననే అడగమన్నాను. "ఎడమ కాలు" అన్నారట. అప్పటినుంచి రోజూ గోడకి ఎడమ కాలితోనే బంతి కొడుతోంది. నిన్న ఆ కాలితో ఇచ్చిన పాస్‌కే గోల్ పడింది!

పాప తమ్ముడి శని, ఆదివారాలన్నీ కూడా అక్క మ్యాచ్‌లకే పోతున్నాయి. దానికి మాత్రం ఇంకా దారి వెతుకుతున్నాం.