గల్ఫ్ వెళ్లే షుగరు, బీపీ పేషెంట్లకు అంతర్జాతీయ పేషెంట్ సమ్మరీ: ఏం రాయాలి, ఎలా ఇవ్వాలి?

గోదావరి_క్లినిక్:
జగిత్యాల వైపు చిన్న క్లినిక్ మాది. సెలవు మీద వచ్చి మళ్లీ దుబాయి, రియాద్ వెళ్లేవాళ్ల చేతికి, అక్కడి డాక్టరు నిమిషంలో చదివి అర్థం చేసుకునే రికార్డు పెట్టాలి. మా సాఫ్ట్‌వేర్ ఆభాకు (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా) కలిపే ఉంది, ఓపీ చీటీలు పీడీఎఫ్‌లుగా వెళ్తున్నాయి. అవి అక్కడి ఆసుపత్రిలో నేరుగా తెరుచుకుంటాయా? లేకపోతే ఐపీఎస్ (అంతర్జాతీయ పేషెంట్ సమ్మరీ) తయారు చేయడానికి కనీసం ఏమేం కావాలి?

డేటా_వారధి:
నేరుగా తెరుచుకోవండీ. ఆభా రికార్డు కదలాలంటే పేషెంటు ఒప్పుకోవాలి, అడిగే ఆసుపత్రి మన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో నమోదై ఉండాలి. పైగా లాగిన్ ఓటీపీ ఇక్కడి నంబరుకే వస్తుంది. అక్కడికి వెళ్లాక ఆ సిమ్ పనిచేయకపోతే పేషెంటు కూడా తన రికార్డు చూసుకోలేడు. విమానం ఎక్కకముందే ఫోన్లో దించి పెట్టించండి.

ఐపీఎస్‌కు ప్రమాణం ఐఎస్‌ఓ 27269. ఫైర్ ఆర్4లో (ఆరోగ్య డేటాను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి పంపే ఫార్మాట్) అయితే 'డాక్యుమెంట్' రకం బండిల్ (రికార్డులన్నీ కలిపిన ఒకే మూట), మొదటి ఎంట్రీ కాంపోజిషన్ (విషయసూచిక లాంటిది), దాని లోయింక్ (పరీక్షలకు, పత్రాలకు వాడే అంతర్జాతీయ కోడుల జాబితా) కోడు 60591-5. తప్పనిసరి సెక్షన్లు మూడే: జబ్బులు (11450-4), అలర్జీలు (48765-2), మందులు (10160-0). టైప్ 2 షుగరుకు స్నోమెడ్ (వైద్య పదాల అంతర్జాతీయ కోడుల జాబితా) కోడు 44054006, బీపీకి 38341003. ప్రతి సెక్షన్‌లో మనిషి చదివే పాఠం కూడా ఉండాలి. అది ఇంగ్లిష్‌లో పెట్టి, పేషెంటుకు తెలుగులో వేరే కాగితం ఇవ్వండి.

ఎక్కువమంది తప్పు చేసేది అలర్జీల దగ్గరే. ఖాళీ వదిలేస్తారు. 'అలర్జీలు లేవని తెలుసు' వేరు, 'అలర్జీల సంగతి తెలియదు' వేరు. రెండింటికీ వేర్వేరు కోడులున్నాయి. అడగకుండా మొదటిది పెడితే, పెన్సిలిన్ పడని మనిషికి అక్కడ అదే ఇంజెక్షన్ చేసే ప్రమాదం ఉంది.

ఇక పీడీఎఫ్‌లోంచి ఈ కోడులు వాటంతటవి రావు. మీ ఓపీ స్క్రీన్లోనే జబ్బు, మందు, మోతాదు విడివిడి గడుల్లో ఎంట్రీ చేయించాలి. అసలు పని అక్కడే ఉంది.

మందులచీటీ:
మందుల సెక్షన్ గురించి నాలుగు మాటలు. బ్రాండు పేరు సరిహద్దు దాటితే పనికిరాదు. కాంబినేషన్ మాత్రయితే విడదీసి 'గ్లిమిపిరైడ్ 2 మి.గ్రా. + మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ 500 మి.గ్రా., ఉదయం టిఫిన్‌కు ముందు ఒకటి' అని రాయండి.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లయితే యూనిట్లు ఒక్కటే రాస్తే ప్రాణం మీదికి వస్తుంది. మన దగ్గర ఎక్కువగా దొరికే వయల్ ఒక మి.లీ.కు 40 యూనిట్లది, సిరంజి మూత ఎరుపు. బయట చాలా దేశాల్లో 100 యూనిట్లదే, దాని సిరంజి మూత నారింజ రంగు. 40 సిరంజిలో 20 గీత దాకా లాగితే అర మి.లీ. వస్తుంది. అక్కడ కొన్న 100 ఇన్సులిన్‌ను ఆ సిరంజితోనే లాగితే ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. అటూ ఇటూ మారి, 40 ఇన్సులిన్‌ను 100 సిరంజితో లాగితే 20కి 8 యూనిట్లే వెళ్తాయి. కాబట్టి మోతాదు పక్కనే వయల్ బలం కూడా రాయండి, పేషెంటుకు రెండు సిరంజిలూ చూపించి చెప్పండి.

ల్యాబు విలువలకు యూనిట్ తప్పనిసరి. గ్లూకోజు 126 మి.గ్రా./డె.లీ. అంటే 7 మిల్లీమోల్/లీ., 18తో భాగిస్తే సరి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) 7 శాతం కొన్ని చోట్ల 53 మిల్లీమోల్/మోల్ అని కనిపిస్తుంది. క్రియాటినిన్‌ను (కిడ్నీ పరీక్ష) మి.గ్రా./డె.లీ. నుంచి మైక్రోమోల్/లీ.కు మార్చాలంటే 88.4తో గుణించాలి. తేదీలో నెల పేరు అక్షరాల్లో రాయండి, 04/05 ఏప్రిలో మేయో ఎవరికీ తెలియదు.

కాళ్ల మంటలకు ప్రీగాబాలిన్, నొప్పులకు ట్రమడాల్ రాసి ఉంటే యూఏఈలో అవి నియంత్రిత మందులు. ముందస్తు అనుమతి, ప్రిస్క్రిప్షన్ లేకుండా సంచిలో వేసుకుని వెళ్లనివ్వకండి.

గోదావరి_క్లినిక్:
ఇన్సులిన్ సంగతి మా చీటీలో అసలు లేదు, ఇవాళే గడి పెట్టిస్తాం. మొత్తం సమ్మరీని క్యూఆర్‌లో ఇరికించవచ్చా? దేశాల మధ్య ఆరోగ్య పత్రాలు సరిచూసే డబ్ల్యూహెచ్‌ఓ నెట్‌వర్క్‌లో మా డిజిటల్ సంతకం చెల్లుతుందా?

తాళంచెవి:
క్యూఆర్‌లో పట్టేది గరిష్ఠంగా 2,953 బైట్లు, ఐపీఎస్ బండిల్ దానికి చాలా పెద్దది. స్మార్ట్ హెల్త్ లింక్ వాడండి. ఫైలు తాళం వేసి సర్వర్లో ఉంటుంది, తాళంచెవి లింకులోనే ఉంటుంది. పాస్‌కోడ్ పెట్టండి, కానీ క్యూఆర్ ఉన్న కాగితం మీద దాన్ని రాయకండి. గడువు కనీసం తర్వాతి సెలవు దాకా ఉంచండి.

డబ్ల్యూహెచ్‌ఓ డిజిటల్ హెల్త్ సర్టిఫికేషన్ నెట్‌వర్క్ 2023లో ఐరోపా కోవిడ్ సర్టిఫికెట్ వ్యవస్థను ఆధారం చేసుకుని మొదలైంది. అందులో పేషెంట్ల డేటా ఉండదు, సంతకాలు సరిచూసే పబ్లిక్ కీలే తిరుగుతాయి. 2024 హజ్‌లో ఇండోనేషియా, మలేషియా, ఒమన్ యాత్రికుల సమ్మరీలు సౌదీలో ఈ దారిలోనే చదివారు. కానీ చేరేది దేశాలు, క్లినిక్‌లు కాదు. మీరు విడిగా పెట్టే సంతకాన్ని ఆ నెట్‌వర్క్ గుర్తించదు. అందుకని డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, క్లినిక్ ఫోను +91తో సహా ప్రింటు మీద ఉంచండి, నెట్ లేని చోట ఆ కాగితమే పనికొస్తుంది. ఇచ్చేముందు మీ వైఫై కాకుండా వేరే ఫోనుతో స్కాన్ చేసి చూడండి. క్లినిక్ లోపల మాత్రమే తెరుచుకునే సర్వర్ చిరునామా ఉంటే అక్కడే బయటపడుతుంది.