చింతగింజల లెక్క తప్పింది, ఎవరైనా సలహా చెప్పండి

మాది నల్గొండ. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు ఆరు. ఫోన్ మాన్పించాలని ఎండాకాలం సెలవుల్లో ఒక సీసా పెట్టి, దుప్పటి మడతపెడితే ఒక చింతగింజ, తిన్న కంచం కడిగితే ఇంకోటి, ఇరవై అయితే ఆదివారం మిర్చిబజ్జీలు అన్నాను. రెండు నెలలు బాగానే నడిచింది. ఇప్పుడేమో నానమ్మకు నీళ్లిచ్చి రారా అంటే "ఎన్ని గింజలు?" అంటున్నాడు! బొమ్మలు గీయడం ఇష్టమున్న పిల్లలకు ముందే బహుమతి ఆశ చూపిస్తే తర్వాత వాళ్లంతట వాళ్లు గీయడం తగ్గిందని 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ చేసిన ప్రయోగం గురించి చదివాక టెన్షన్ ఇంకా పెరిగింది. సీసా తీసేయాలా, మెల్లగా తగ్గించాలా?

ఇంకోటి. అత్తమ్మకు పక్షవాతం, చూసుకోవడానికి దేవరకొండ వైపు అక్క ఒకామె ఏజెన్సీ ద్వారా వస్తుంది. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి అత్తమ్మను పక్కకు తిప్పుతుంది, విసుక్కోగా నేనైతే చూడలేదు. మొన్న అలా తిప్పుతుంటే పాప పోయి ఒక చింతగింజ ఆమె చేతిలో పెట్టింది. ఆమె నవ్వి కొంగుకు ముడేసుకుంది. నాకే సిగ్గేసింది, ఇన్నాళ్లు జీతం తప్ప ఒక మంచిమాట కూడా సరిగా అనలేదు.

బతుకమ్మకు చీర పెడదామనుకుంటున్నా, కానీ ఆమెకు డబ్బులే అక్కరకొస్తాయేమో. ఏజెన్సీవాళ్లు చేతికి ఇవ్వొద్దంటున్నారు. సద్దుల రోజు జీతం కోయకుండా సెలవిస్తే మేలా? ఇంట్లో ఇలా మనిషిని పెట్టుకున్నవాళ్లు, లేదా ఆ పని చేసేవాళ్లే, ఏది ఇస్తే సంతోషమో చెప్పండి.